గుల్మార్గ్ చలి, ఫైవ్‌స్టార్ మొహమాటం

ప్రశ్న: మాది దేవరకొండ. నాకు 58, మా ఆయనకు 64. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి మా పెళ్లిరోజు కోసమని సంక్రాంతి వెళ్లాక కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో ఒక ఫైవ్‌స్టార్ హోటల్లో మూడు రాత్రులు బుక్ చేశాడు. వాడికి సెలవు లేదు, మేమిద్దరమే పోవాలి. మా ఆయన ఇన్సులిన్ తీసుకుంటారు. నాకు మోకాళ్ల నొప్పులు. ఇక్కడి చలికే పొద్దున ఎనిమిదింటి దాకా దుప్పటి తీయం, అక్కడ మైనస్ పది అంటున్నారు. మా ఆయనేమో గొంగడి పట్టుకుపోదాం అంటారు, కొడుకు నవ్వుతున్నాడు. నేను చీర తప్ప కట్టను. ఆయన అన్నం తప్ప తినరు. అంత పెద్ద హోటల్లో ఏం అడగొచ్చో, ఏం అడిగితే ఎంత బిల్లు వేస్తారో తెలియక టెన్షన్‌గా ఉంది. క్యాన్సిల్ చేసుకోమని వాడికి చెప్పేదా?
ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: క్యాన్సిల్ చేయించకండి అక్కా. మీ ఆయన్ని చూసే డాక్టరు వద్దంటే అది వేరే సంగతి. ప్రయాణానికి ముందు ఆ మాట తప్పకుండా అడగండి, ఎందుకో కింద చెప్తాను. మీ ఉత్తరంలో సగం భయం చలి గురించి, సగం హోటల్ గురించి. నాకైతే రెండోదే పెద్దదనిపించింది. చలికి దుకాణంలో జాకెట్ దొరుకుతుంది. అర్ధరాత్రి ఇంకో రజాయి కావాలని ఫోన్ చేయడానికి మొహమాటపడితే మాత్రం ఎంత ఖరీదైన గదిలోనైనా వణుకుతూ పడుకోవాల్సిందే.

ముందు చలి సంగతి చూద్దాం. గుల్మార్గ్ సముద్ర మట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబర్ 21 నుంచి నలభై రోజుల చలిని కశ్మీరీలు చిల్లై కలాన్ అంటారు. తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత పది రోజులు చిల్లై బచ్చా. మీరు పోయేది సరిగ్గా ఆ పెద్ద చలి నడుమ. రాత్రి మైనస్ ఎనిమిది, పది మామూలే. బాగా ఎండ కాస్తే మధ్యాహ్నం సున్నాకు కాస్త అటూ ఇటూ ఉంటుంది.

కానీ ఆ మైనస్ పది మీ మంచం దాకా రాదు. మన ఇళ్లు ఎండను దృష్టిలో పెట్టుకుని కట్టుకున్నవి. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు తట్టుకోవాలి కాబట్టి గాలాడే కిటికీలు, కింద షాబాద్ బండలు. అందుకే జనవరిలో బయట పద్నాలుగు డిగ్రీలుంటే లోపలా పెద్ద తేడా ఉండదు, పొద్దున్నే బండ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. నల్లగొండ, పాలమూరు ఇళ్లలో గది హీటర్ ఎవరి దగ్గరుంది చెప్పండి? గుల్మార్గ్‌లోని పెద్ద హోటళ్లలో సెంట్రల్ హీటింగ్ ఉంటుంది. పగలూ రాత్రీ గది ఇరవై, ఇరవై రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రి నిద్రలో మీకు దేవరకొండలో కంటే అక్కడే వెచ్చగా ఉంటుంది. మీ అబ్బాయి అంత డబ్బు పెట్టి కొన్నది ముఖ్యంగా దాన్నే, పాలరాతి నేలనూ పూలకుండీలనూ కాదు.

ఇబ్బంది గుమ్మం దగ్గర మొదలవుతుంది. లోపల ఇరవై రెండు, తలుపు తీసి నాలుగడుగులు వేస్తే మైనస్ అయిదు. ఒకే ఒక్క బరువైన కోటు వేసుకున్నవాళ్లు లోపల చెమటలు కక్కుతారు, ఆ చెమటతోనే బయటికి పోయి గడగడలాడతారు. అందుకే పొరలు పొరలుగా వేసుకోమంటారు. ఒంటికి అతుక్కుని ఉండే థర్మల్స్, వాటి మీద ఉన్ని స్వెటర్ లేదా ఫ్లీస్, అన్నిటికన్నా పైన గాలినీ తడినీ ఆపే జాకెట్. లోపలికి రాగానే పైదీ మధ్యదీ తీసి చేతిలో పట్టుకోవడమే. బయటికి పోయేటప్పుడు ఒంటికి తగిలేది కాటన్ కాకుండా చూసుకోండి. కాటన్ చెమటను పీల్చుకుని ఆరదు, మే నెలలో మనకు హాయినిచ్చే గుణమే అక్కడ శత్రువు.

ఇక మీ ఆయన గొంగడి. నవ్వొద్దని అబ్బాయికి చెప్పండి, ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. ఉన్ని తన పోగుల మధ్య గాలిని పట్టి ఉంచుతుంది, కాస్త తడిసినా వెచ్చదనం పోదు. పాలమూరు కురుమలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడిని కాపరులు వానలో కప్పుకునేది అందుకే. కాకపోతే అది బరువు, విమానం లగేజీలో చాలా భాగం అదే తినేస్తుంది. పైగా మంచులో నడిచేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, గొంగడి కప్పుకుంటే ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. దాన్ని ఇంట్లో ఉంచి ఉన్ని మంకీ క్యాప్ తెచ్చుకోమనండి. మంకీ క్యాప్‌ను చూసి అక్కడ ఎవరూ నవ్వరు.

చీర విషయంలో మీరు అనుకుంటున్నంత కష్టమేమీ లేదు. హోటల్ లోపల నిశ్చింతగా కట్టుకోండి. లంగా కింద థర్మల్ ప్యాంటు, పొడుగు చేతుల ఉన్ని జాకెట్టు, పైన శాలువా ఉంటే చాలు. పెళ్లిరోజు రాత్రి భోజనానికి గద్వాల పట్టుచీర కట్టి డైనింగ్ హాల్లోకి పోండి, అంత అందమైన బట్ట అక్కడ ఇంకెవరి ఒంటి మీదా ఉండదు. మంచులోకి మాత్రం చీర వద్దు. ఇందులో ఫ్యాషన్ మాటేమీ లేదు. కుచ్చిళ్ల అంచు మంచులో ఈడ్చుకుపోయి తడుస్తుంది, లోపలికి రాగానే ఆ మంచు కరిగి చల్లటి నీళ్లు పాదాల మీదికి కారతాయి, కాలికి అడ్డంపడి పడిపోయే ప్రమాదం కూడా ఉంది. బయటికి పోయే ఆ కాసేపు పంజాబీ డ్రెస్సు మీద జాకెట్ వేసుకోండి. ఇంకో చిన్న మాట, మెట్టెలు. మందపాటి సాక్సులు, బూట్లు వేసుకుంటే మెట్టెలు వేళ్లను నొక్కి రక్తం ఆడనివ్వవు. బయటికి పోయేటప్పుడు తీసి పర్సులో పెట్టుకోండి. తీయడానికి మనసొప్పకపోతే ఒక సైజు పెద్ద బూట్లు తీసుకోండి.

బూట్లు, పొడుగు కోట్లు దారిలో తంగ్‌మార్గ్‌లోనూ, గుల్మార్గ్‌లోనూ అద్దెకిస్తారు. మూడు రోజుల కోసం ఖరీదైన కోటు కొనడం దండగ, అద్దెది చాలు. థర్మల్స్, సాక్సులు, గ్లౌజులు మాత్రం సొంతవే ఉండాలి, రెండేసి జతలు. మీ ఆయనకు అద్దె బూట్లు కూడా వద్దు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు ఎక్కడ ఒరుసుకున్నా తెలియకపోవచ్చు. నల్లగొండలోనే నీళ్లు పట్టని బూట్లు కొని, వారం రోజులు ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోమనండి. రోజూ రాత్రి ఆయన పాదాలు మీరే ఒకసారి చూడండి.

ఇన్సులిన్ విషయం జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుంది. కరిగాక చూడ్డానికి మామూలుగానే కనబడొచ్చు, కానీ దాన్ని నమ్మకూడదు, పారేయాల్సిందే. అందుకని విమానంలో చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దు, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో ఉండాలి. బయట తిరిగేటప్పుడు కోటు లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి. గదిలో కిటికీ గట్టు మీద పెట్టొద్దు, ఆ అద్దం పక్కన గడ్డకట్టే చలి ఉంటుంది. వాడుతున్న పెన్ను హీటర్‌కు దూరంగా గదిలోనే ఉండొచ్చు, మిగతావి చిన్న ఫ్రిజ్‌లో, ఐస్ పెట్టే చోటుకు తగలకుండా పెట్టండి. షుగర్ చూసే మీటర్ కూడా చలిలో సరిగా పనిచేయదు, వెచ్చటి గదిలోనే చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. మంచులో నడిస్తే శ్రమ ఎక్కువ, షుగర్ పడిపోవచ్చు. పడిపోతే వణుకు వస్తుంది. చలికీ వణుకే వస్తుంది. ఏది ఏదో బయట నిలబడి తేల్చుకోవడం కష్టం. ఆయన వణికితే చలే అనుకోకండి, వెంటనే తీపిది ఏదైనా నోట్లో పెట్టి, లోపలికి తీసుకొచ్చి మీటర్‌తో చూడండి. మీ ఇద్దరి జేబుల్లోనూ గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ కూడా పెరుగుతుంది. డాక్టర్ను ముందే కలవమన్నది అందుకే.

గదిలో పరుపు మీద కరెంటుతో వేడెక్కే దుప్పటి పరిచి ఉండొచ్చు, కశ్మీర్ హోటళ్లలో ఇది మామూలే. పడుకునే ముందు అరగంట వేసి, పడుకునేటప్పుడు ఆపేయండి. మీ ఆయన పాదాల దగ్గర వేడినీళ్ల బ్యాగ్ పెట్టకండి, స్పర్శ తక్కువున్న కాలికి కాలినా తెలియదు. కాంగ్‌డీ అని, అల్లిన బుట్టలో మట్టికుండ, దాంట్లో నిప్పులు ఉంటాయి. కశ్మీరీలు ఫెరన్ అనే పొడుగాటి వదులు అంగీ లోపల పెట్టుకుని తిరుగుతారు. ఫొటో దిగండి, చేతులు కాచుకోండి, అంతే. మూసిన గదిలో నిప్పులు పెట్టుకుని నిద్రపోతే ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. దానికి వాసన కూడా ఉండదు.

హీటింగ్ వేసిన గదిలో గాలి బాగా పొడిగా ఉంటుంది. పెదాలు పగలడం, గొంతు ఆరిపోవడం, ముక్కులో చిన్నగా రక్తం కనబడడం దానివల్లే, భయపడొద్దు. ఒక తడి టవల్ కుర్చీ మీద ఆరేయండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల కిందికి వస్తేనే గడ్డకడుతుంది కాబట్టి సీసా తీసుకెళ్లి లాభం లేదు, వాజ్‌లైన్ డబ్బా పెట్టుకోండి. పగటిపూట మంచు మీద ఎండ పడి కళ్లు జిగేలుమంటాయి, ఆ వెలుగు కళ్లను నిజంగానే దెబ్బతీస్తుంది. ఇద్దరికీ నల్లకళ్లద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు మొహమాటం సంగతి. ఫైవ్‌స్టార్ హోటల్లో ఇంగ్లిష్ రాకపోతే ఎలా అని మీరు రాయలేదు గానీ, ఆ మాట ఉత్తరంలో కనబడుతూనే ఉంది. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది కశ్మీరీలు, ఉర్దూ బాగా మాట్లాడతారు. నల్లగొండ, పాలమూరు బజార్లలో గాజులు బేరమాడిన ఉర్దూ మీకుంది కదా, అదే సరిపోతుంది. దిగగానే రిసెప్షన్‌లో ఇవి అడగండి: హీటింగ్ ఎలా పెంచాలి తగ్గించాలి, రాత్రి డాక్టర్ కావాలంటే ఎవరికి ఫోన్ చేయాలి, గదిలో ఏవి ఉచితం, వేటికి డబ్బు. ఈ మూడోది అడగడానికి సిగ్గుపడకండి, బాగా డబ్బున్నవాళ్లే ముందుగా అడిగే ప్రశ్న అది. సాధారణంగా కెటిల్, టీ పొట్లాలు, రోజూ పెట్టే నీళ్ల సీసాలు ఉచితం. ఫ్రిజ్‌లోని కూల్‌డ్రింకులు, జీడిపప్పు పొట్లాలు, బట్టలు ఉతికించడం వీటన్నిటికీ గట్టిగా వేస్తారు. ఇంకో రజాయి, తలగడ, స్నానాల గదిలో జారకుండా వేసే మ్యాట్ ఇవన్నీ అడిగితే ఊరికే ఇస్తారు. స్నానానికి తొట్టి ఉంటే మీ మోకాళ్లతో దాంట్లోకి దిగడం, ఎక్కడం కష్టం. నిలబడి స్నానం చేసే షవర్ ఉన్న గది ఇప్పించమని అబ్బాయితో ఇప్పుడే ఒక మెయిల్ పెట్టించండి.

బిల్లు గురించి మీ ఆయన బెంగపడుతున్నారంటే దానికి మందు అబ్బాయి దగ్గరే ఉంది. బుకింగ్ కాగితంలో సీపీ అని ఉంటే పొద్దుటి టిఫిన్ ఒక్కటే కలిసి ఉంటుంది, ఎంఏపీ అని ఉంటే టిఫిన్‌తో పాటు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలూ. మంచు కురిసే చోట రాత్రి భోజనానికి ఊళ్లోకి పోలేరు కాబట్టి సీపీ ఉంటే ఎంఏపీకి మార్పించండి. విడిగా ఆర్డర్ చేస్తే చాలా ఎక్కువ అవుతుంది. రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ ఉంటుంది, అది కట్టేశాడో లేదో అడగండి. దిగేటప్పుడు డిపాజిట్ కింద కార్డు అడుగుతారు. ఆ బిల్లు తన కార్డుకే వేయమని అబ్బాయి ముందుగా హోటల్‌కు రాసి ఉంచితే కౌంటర్ దగ్గర మీకు ఇరకాటం ఉండదు. సర్వీస్ చార్జి అని బిల్లులో కనబడితే అది ఇష్టముంటే ఇచ్చేది, తీసేయమని అడగొచ్చు. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే ఆ మాట చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025లో దాన్ని సమర్థించింది. టిప్పు వేరు. సామాను మోసిన కుర్రాడికి వందో, నూటయాభయ్యో చేతిలో పెట్టండి, ఆ చలిలో వాళ్లు పడే కష్టం చూస్తే మీకే ఇవ్వాలనిపిస్తుంది.

అన్నం గురించి అసలు బెంగే వద్దు, కశ్మీరీలు మనలాగే అన్నం తినేవాళ్లు. హాఖ్ అనే ఆకుకూర, రాజ్మా, తామర తూళ్లతో చేసే నద్రూ, మాంసం తినేవాళ్లయితే రోగన్ జోష్, యఖ్నీ. కారం మనంత ఉండదు. అది మీ ఆయన సహించరు కాబట్టి ఒక చిన్న డబ్బా మామిడికాయ పచ్చడి గట్టిగా మూత పెట్టి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టుకోండి. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో తీసేయిస్తారు. సంక్రాంతి సకినాలు కూడా మిగిలి ఉంటాయిగా, ఒక డబ్బా పెట్టుకోండి. కుంకుమపువ్వు, బాదం వేసిన కహ్వా అనే టీ వేడివేడిగా ఇస్తారు. మీ ఆయనకు చక్కెర, తేనె లేకుండా చేయమని చెప్పాలి. నూన్ చాయ్ మాత్రం గులాబీ రంగులో, ఉప్పగా ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టగానే ఆయన ముఖం చూడాలి, చూసి నవ్వుకోండి.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. తంగ్‌మార్గ్ దాటాక ఘాట్ రోడ్డు, కొత్తగా మంచు పడితే టైర్లకు గొలుసులు కట్టిన బండ్లనో, నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండ్లనో మాత్రమే పైకి పోనిస్తారు. ఆరు కాకముందే చీకటి పడుతుంది. విమానం మధ్యాహ్నం దాటి దిగేదైతే ఆ రాత్రి శ్రీనగర్‌లోనే ఉండి పొద్దున్నే పోవడం మేలు. ఆ గొలుసుల బండిని హోటలే పంపుతుందా అని ముందే అడగండి, పంపితే దారిలో బేరాల తలనొప్పి ఉండదు.

మంచు తొక్కితొక్కి గట్టిపడిన దారి నాచు పట్టిన బావి మెట్ల లాంటిది. చిన్నచిన్న అడుగులు, పాదం మొత్తం ఆనించి వేయాలి. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్ల కీళ్ల సంగతి నేను మీకు చెప్పక్కర్లేదు. ఒక ఇనుప మొన ఉన్న కర్ర తీసుకోండి, బూట్లకు తగిలించే ముళ్ల పట్టీలు ఉన్నాయా అని హోటల్‌ను అడగండి. గుర్రాలు, స్లెడ్జి బండ్లవాళ్లు చుట్టుముడతారు. ఎక్కే ముందే పోనూ రానూ ధర మాట్లాడుకోండి. వద్దనుకుంటే ఒక్కసారి గట్టిగా వద్దని చెప్పి నడవండి.

కొండ మీదికి తీగల మీద పోయే కేబుల్ కారు, గొండోలా ఎక్కండి. మొదటి దశ కోంగ్‌డూరి దాకా 1998లో, రెండో దశ అఫర్వాత్ కొండ భుజం దాకా 2005లో మొదలైంది. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, అక్కడికి పోయాక దొరుకుతాయనుకోవద్దు. మొదటి దశ చాలు మీకు. రెండోది దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది, అక్కడ గాలి పలచన, గాలి వేగం పెరిగితే ఆపేస్తారు కూడా. టికెట్ కొన్నాం కదా, డబ్బు పోతుందని మాత్రం రెండో దశ ఎక్కకండి. ఇంకో మాట ముందే చెప్తున్నా, మంచు ఖాయం కాదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మైదానం మంచు లేకుండా ఎండుగడ్డితో ఉండిపోయింది. అలాంటప్పుడు వెచ్చటి గదిలో కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ మాట్లాడుకోవడమే కార్యక్రమం. ఇన్నేళ్ల కాపురంలో పనేమీ లేని మూడు రోజులు మీకెప్పుడు దొరికాయో గుర్తుచేసుకోండి.

ఫోన్ల విషయం మరిచిపోయేలా ఉన్నాను. జమ్మూకశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే పనిచేస్తుంది. ఇద్దరిలో ఒకరిదైనా ఇప్పుడే మార్పించండి, లేకపోతే హోటల్ వైఫై వదిలి బయటికి రాగానే అబ్బాయికి మీరు దొరకరు. చలిలో బ్యాటరీ తొందరగా పడిపోతుంది, ఫోన్‌నూ లోపలి జేబులోనే పెట్టుకోండి. పవర్ బ్యాంకు చేతి సంచిలో ఉండాలి, సూట్‌కేసులో పెట్టనివ్వరు.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ విమానాశ్రయానికి మూడు గంటల ముందే చేరాలి, తనిఖీలు ఒకటి తర్వాత ఒకటి ఉంటాయి. మంచు ఎక్కువ పడితే విమానాలు ఆగిపోతాయి, కొండ దారి కూడా మూస్తారు. ఇన్సులిన్, సూదులు, మిగతా మాత్రలు కనీసం వారానికి సరిపడా ఎక్కువ తీసుకెళ్లండి. దారి మూస్తే గది పొడిగిస్తారా, ఎంతకు అని అబ్బాయి హోటల్‌తో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. తిరిగొచ్చిన మర్నాడే ఎవరి పెళ్లికో వస్తామని మాత్రం దేవరకొండలో ఎవరికీ మాట ఇవ్వకండి.